మా అరుగు మీద రాసుకున్న కాగితం: శిశుమరణాల సమీక్ష అనే ప్రభుత్వ సేవపై నా అభిప్రాయం

మా ఇంటికి మూడు విడతలుగా వచ్చిన ఒక ప్రభుత్వ సేవ గురించి రాస్తున్నాను. ఆ సేవ కావాలని మేము దరఖాస్తు పెట్టలేదు, రుసుము కట్టలేదు, అలాంటిది ఒకటి ఉందన్న సంగతి కూడా అప్పటిదాకా మాకు తెలియదు. ఐదేళ్లు నిండని బిడ్డ చనిపోయిన ఇంటికి ఆరోగ్యశాఖ వారు వచ్చి, ఆ బిడ్డ ఎందుకు చనిపోయిందో, ఏ దశలో కాపాడుకునే వీలుండేదో అడిగి రాసుకుని, ఆ వివరాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) నుంచి జిల్లా కమిటీకి, అక్కడి నుంచి రాష్ట్ర స్థాయికి పంపే ఏర్పాటు అది. దీనికి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పోయిన బిడ్డ ఎటూ తిరిగి రాదు కనుక, ఈ సేవ వల్ల మేలు జరిగేది ఇంకా పుట్టని, మనకు ముఖపరిచయం లేని మరో బిడ్డకే. అందుచేత దీని మంచిచెడ్డలు చెప్పేటప్పుడు మా దుఃఖాన్ని కాస్త పక్కన పెట్టి, పని ఎలా జరిగిందన్నదే చూడడానికి ప్రయత్నించాను. నేను హైస్కూలులో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మేష్టారిని. ఊళ్లో ఎవరికి అర్జీ కావలసినా నా దగ్గరకే వస్తారు గనుక ప్రభుత్వ కాగితాలు చదివే అలవాటు ఉంది.

మాది కోనసీమలో గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక గ్రామం. రెండేళ్ల కిందట మా తమ్ముడి కూతురు మొదటి పురుటికి పుట్టింటికి వచ్చింది. కాన్పు అవతలి గట్టున ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. ఆడపిల్ల. బరువు రెండు కిలోల వంద గ్రాములు. రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్న బిడ్డను బరువు తక్కువ బిడ్డగా లెక్కిస్తారు కాని, నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో బరువు కారణంగా చేర్చుకునేది పద్దెనిమిది వందల గ్రాముల లోపు వారిని. కాబట్టి మూడో రోజున మమ్మల్ని ఇంటికి పంపించడంలో తప్పేమీ లేదని ఆ తరువాత నాకు అర్థమైంది. శ్రావణమాసం. గోదావరి ఎర్రబడి పరవళ్లు తొక్కుతోంది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరవేస్తారు. ఆ వారం ఒకసారి ఎగరవేసి, తీసివేశారు. మనుషులను నది దాటించే పంటు పగటి పూట మాత్రమే తిరుగుతోంది. పదకొండో రోజు సాయంత్రం నుంచి బిడ్డ సరిగా పాలు పట్టుకోలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం కాకినాడ వెళ్లే దారిలో ప్రాణం పోయింది. బారసాల ఇరవై ఒకటో రోజున గదా, అప్పటికి పేరు కూడా పెట్టలేదు. జనన మరణాల నమోదులో పేరు ఉండవలసిన గడి ఖాళీగానే మిగిలిపోయింది.

మరునాడే ఆశా కార్యకర్త వచ్చింది. మరణం సంగతి తెలిసిన ఇరవై నాలుగు గంటలలోపు ఆమె పైకి తెలియజేయాలి. అలా తెలియజేసినందుకు ఆమెకు ముట్టేది యాభై రూపాయలు. ఈ మొత్తం గురించి నా అభిప్రాయాన్ని ఇక్కడ రాయకపోవడమే మర్యాద. ఆ అమ్మాయి మాత్రం యాభై రూపాయల కోసం వచ్చిన మనిషిలా రాలేదు. కాసేపు మాట్లాడకుండా కూర్చుని, తరువాత తనంతట తానే, “ఏడో రోజున నేను రావాలండి మేష్టారూ, వరద డ్యూటీ వేసి గట్టు మీద కూర్చోబెట్టారు, రాలేకపోయానండి” అన్నది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు వచ్చి బరువు తూచి, ఒంటి వేడి చూసి, తల్లికి జాగ్రత్తలు చెప్పి వెళ్లాలి. మా ఇంటి విషయంలో ఆ ఆరింటిలో ఒకటి తప్పిపోయిందని మొదట చెప్పింది ఆమే. ఎవరూ అడగకముందే తన లోపాన్ని తానే చెప్పుకునే మనిషి ఒక వ్యవస్థలో ఉండడం ఎంత అరుదో మనందరికీ తెలుసు.

రెండో విడతగా, పది రోజులు గడిచాక, నర్సమ్మ వచ్చి చిన్న ఫారం నింపుకుని వెళ్లింది. దాని గురించి చెప్పవలసినంత ఏమీ లేదు. ప్రతి మరణానికీ ఆ చిన్న ఫారం నింపుతారట. వాటిలో కొన్నింటిని ఎంపిక చేసి వివరంగా విచారిస్తారు. మా ఇంటిని ఎంపిక చేశారు.

ఆ మూడో విడత గురించే నేను ఎక్కువగా రాయదలచుకున్నాను. దానిని వారు వెర్బల్ అటాప్సీ అంటారు. శవాన్ని కోసి చూసే అవకాశం లేని చోట, దగ్గరుండి చూసిన వారి మాటల్లోంచే జబ్బును గుర్తించే పద్ధతి ఇది. పీహెచ్‌సీ డాక్టరు గారు, ఆయనతో పాటు సూపర్‌వైజరు, మా నర్సమ్మ వచ్చారు. మొదట బాలింత దగ్గర, ఆమె తల్లి దగ్గర సమ్మతి తీసుకున్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి వచ్చింది కాదని, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర లేదని చెప్పారు. ఇరవై ఎనిమిది రోజుల లోపు బిడ్డలకు ఒక ఫారం, ఆపై వయసు వారికి మరొకటి, ఇంటి పరిస్థితులు, ప్రయాణం, ఖర్చు వంటి సంగతులకు ఇంకొకటి ఉన్నాయి. ఫారాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నర్సమ్మ ఒక్కొక్క ప్రశ్ననూ లోలోపల చదువుకుని, మన మాటల్లోకి తిప్పి అడిగింది. ఆ తిప్పడంలో ఆమె చూపించిన నేర్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. “పుట్టగానే గట్టిగా ఏడ్చిందా అమ్మా? చనుమొన నోట్లో పెడితే లాగేదా, ఊరికే పెదవులు ఆనించేదా? ఏడుపు ఎప్పుడు సన్నబడింది? పొట్ట మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉండి, పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయా? ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి పోయేదా?” ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క జబ్బు ఉందని డాక్టరు గారు తరువాత చెప్పారు కాని, వింటున్నప్పుడు అవి ఒక పెద్దదిక్కు పరామర్శకు వచ్చి అడిగిన ప్రశ్నల్లాగే ఉన్నాయి.

వేళల దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. బిడ్డ పాలు మానేసింది ఎన్ని గంటలకు అంటే ఎవరూ చెప్పలేకపోయారు. గడియారం చూసుకుంటూ బతికే ఇల్లు కాదు. అప్పుడు నర్సమ్మ ఫారం మూసి పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుని అడ్డంగా గీత గీసింది. ఆఖరి పంటు వెళ్లినప్పుడు బిడ్డ పాలు తాగుతోందా? దీపం పెట్టే వేళకు? గేదెలకు కుడితి పెట్టినప్పుడు ఎవరి ఒళ్లో ఉంది? దిష్టి తీసింది అన్నం తిన్నాకా, తినకముందా? అలా ఒక్కొక్క గుర్తూ గీత మీద పెట్టుకుంటూ పోతే, పదకొండో రోజు సాయంత్రం నుంచి పన్నెండో రోజు మధ్యాహ్నం వరకు జరిగినదంతా మా కళ్ల ముందు గీత మీద నిలబడింది. ఆఖరి పంటు వెళ్లేసరికే బిడ్డ సరిగా తాగడం లేదన్న సంగతి మా ఇంటిల్లిపాదికీ ఆ గీత చూశాకే అర్థమైంది.

ఇక్కడే ఇంకో సంగతి జరిగింది. రాత్రే ఎందుకు బయలుదేరలేదన్న ప్రశ్నకు మా తమ్ముడు, “పడవ దొరకలేదండి” అన్నాడు. డాక్టరు గారు తల ఊపి రాసుకోబోయారు. నేను ఆపవలసి వచ్చింది. పడవ దొరకకపోవడం కాదు, పడవను మేము అడగనే లేదు. ఇంజను పడవ ఉన్న మనిషి మా ఇంటికి మూడిళ్ల అవతలే ఉంటాడు, వరదలో కూడా రాత్రిపూట పురుటి కేసులను దాటించిన వాడు. రాత్రి ఒకసారి మా మరదలు, “ఆసుపత్రికి తీసుకుపోతే బాగుండును” అని అన్నది. “తెల్లవారాక చూద్దాం, ఇంత నీళ్లలో చంటిబిడ్డతో ఎలా?” అన్నది నేను. ఇంట్లో పెద్దవాడిని కనుక ఆ మాట చెల్లింది. ఈ సంగతిని అరుగు మీద నలుగురి ముందు ఒప్పుకోవడం నాకు సులువు కాలేదు. డాక్టరు గారు నా వంక చూడకుండా రాసిన అక్షరాలను కొట్టివేసి, మళ్లీ రాసుకున్నారు. నర్సమ్మ మాత్రం, “అందరిళ్లలోనూ ఇంతేనండి, ఆయ్” అన్నది.

ఆ దిద్దుబాటు ఎందుకంత ముఖ్యమో ఆలోచించాను. పడవ దొరకలేదని రాస్తే పైనున్న కమిటీ మా లంకకు రాత్రి పడవ కావాలని సిఫారసు చేస్తుంది. పడవను అడగలేదని రాస్తే, పాలు తాగని పసిబిడ్డకు అది ప్రమాదమని ఆ ఇంటివారికి ముందే తెలిసి ఉండాలన్న వేరొక సిఫారసు వస్తుంది. మరణం ఒకటే అయినా మందులు రెండు. వైద్యం అందకపోవడాన్ని ఈ సమీక్షలు మూడు ఆలస్యాలుగా విడదీసి చూస్తాయి: ప్రమాదాన్ని గుర్తించి బయలుదేరడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరిన చోట వైద్యం అందడంలో ఆలస్యం. మాకు మూడూ జరిగాయి, కాని మొదటిదే పెద్దది. తల్లీబిడ్డల కార్డు మీద, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడడం లేదా కాలిపోవడం, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడడం వంటి ప్రమాద చిహ్నాలు బొమ్మలతో సహా ఉంటాయి. ఆ కార్డు మా ఇంట్లో బీరువాలో, పట్టుచీరల మధ్య, జాగ్రత్తగా దాచి ఉంది.

మూడో ఆలస్యం గురించి కూడా రాసుకున్నారు గాని, అక్కడ నాకు అసంతృప్తి మిగిలింది. తెల్లవారి పంటు దాటాక మొదట ఆర్‌ఎంపీ దగ్గర, తరువాత పట్టణంలోని ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో ఆగాము. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. అడ్వాన్సు కట్టేవరకు బిడ్డను లోపలికి తీసుకోలేదు. గంటకు పైగా బల్ల మీద కూర్చున్నాక, “మా దగ్గర వెంటిలేటరు ఖాళీ లేదు, కాకినాడ తీసుకుపోండి” అన్నారు. ఆ మాట మొదటి నిమిషంలోనే చెప్పి ఉండవచ్చును. విచారణ బృందం దీన్నంతా శ్రద్ధగా రాసుకుంది. ఆ ఆసుపత్రికి వెళ్లి వారి వైపు కాగితాలు కూడా చూస్తారా అని అడిగితే డాక్టరు గారు, “పైకి రాస్తామండి” అన్నారు. ఆసుపత్రులలో జరిగే మరణాలకు వేరే ఫారాలు ఉన్నాయి. కాని దారిలో పోయిన బిడ్డ ఏ ఆసుపత్రి లెక్కలోకీ రాదు. గోదావరి జిల్లాల్లో పట్టణానికి పది చొప్పున వెలిసిన చిన్న ఆసుపత్రులను ఈ సమీక్ష గుమ్మం దాటి చూడనంత కాలం, మూడో ఆలస్యం గురించిన దాని జ్ఞానం సగమే.

ఇంకొక లోపం గోప్యత. ఎంత మర్యాదగా అడిగినా, విచారణ జరిగింది మా అరుగు మీద. వీధిలో పోయే ప్రతి మనిషీ ఒక నిమిషం నిలబడి విని వెళ్లాడు. బాలింతను మూడు వారాల కిందట బిడ్డ పోయిన సంగతి గురించి, “పాలు పడ్డాయా, రొమ్ములు గడ్డకట్టాయా” అని అడగవలసిన చోటు అరుగు కాదు. నర్సమ్మ అది గమనించి ఆమెను లోపలి గదికి తీసుకువెళ్లిన తరువాతే ఆ పిల్ల నోరు విప్పింది. అది నర్సమ్మ మంచితనమే గాని ఆ పని కోసం చేసిన ఏర్పాటు కాదు. మంచి మనిషి రాని ఇంట్లో ఈ ప్రశ్నలు ఎలా సాగుతాయో ఊహించుకోవచ్చు.

అయితే పైవన్నీ దిద్దుకోదగిన లోపాలు. అసలు లోపం, నా దృష్టిలో, వేరే ఉంది. కాగితం పైకి వెళ్లింది. అక్కడితో మాకు ఆ సేవ ముగిసిపోయింది. బిడ్డ ఏ జబ్బుతో పోయిందని వారు తేల్చారో, రక్తంలోకి చేరిన ఇన్ఫెక్షనేనా, కమిటీ మా కేసు చూసిందా, చూసి ఏమన్నది, ఇవేవీ ఎవరూ వచ్చి చెప్పలేదు. నాలుగు నెలలకు నేనే పీహెచ్‌సీకి వెళ్లి అడిగాను. ఆ రిపోర్టు కుటుంబానికి ఇచ్చేది కాదన్నారు. ప్రశ్న రాసిచ్చాను, జవాబు రాలేదు. ఇక్కడ అధికారుల పక్షాన ఒక మాట చెప్పాలి. ఎవరినీ శిక్షించబోమన్న భరోసా ఉంటేనే ఆశా కార్యకర్త, “నేను ఏడో రోజు రాలేకపోయాను” అని చెబుతుంది. ఆ కాగితం రేపు కోర్టుకు ఎక్కుతుందంటే ఎవరూ నిజం చెప్పరు. కనుక కాగితాన్ని గుట్టుగా ఉంచడంలో న్యాయం ఉంది. కాని కాగితం ఇవ్వకుండానే సారాంశం చెప్పవచ్చు. నర్సమ్మ ఒక సాయంత్రం వచ్చి, తల్లి పక్కన కూర్చుని, “ఇదమ్మా జరిగింది, నీ పాలలో లోపం లేదు, మళ్లీ కడుపు పండినప్పుడు ఇలా చూసుకుందాం” అని చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. ఆ ఒక్క వాక్యం రాకపోవడం వల్ల మా అమ్మాయి ఏడాది పాటు తన పాలే విషమయ్యాయని నమ్మింది. అత్తవారింట్లో కొందరు ఆ నమ్మకానికి నీళ్లు పోశారు కూడా.

మాతృమరణాల సమీక్షలో కలెక్టరు గారి ఎదుటికి చనిపోయిన తల్లి కుటుంబసభ్యులను పిలిచి వారి నోటనే వినే ఏర్పాటు మన దేశంలోనే ఉంది. ఇతర దేశాల పద్ధతులు కూడా కొంత చదివాను. ఇంగ్లండులో 2008 ఏప్రిల్ నుంచి పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి మరణాన్నీ స్థానిక కమిటీలు చట్టప్రకారం సమీక్షిస్తున్నాయి. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం, బిడ్డ పోయిన ప్రతి కుటుంబానికీ ఒక మనిషిని కేటాయిస్తారు. కుటుంబం అడగదలచిన ప్రశ్నలను సమీక్షకు చేర్చడం, తేలిన సంగతులను కుటుంబానికి తెలియజేయడం ఆ మనిషి బాధ్యత. 2019 నుంచి దేశం మొత్తానికి ఒకే చోట ఈ వివరాలు పోగుపడుతున్నాయి. మనకు కొత్తగా మనిషిని నియమించనక్కర లేదు. ఆ గీత గీసిన నర్సమ్మే చాలు. ఆమెకు ఆ పనిని పనిగా అప్పగించాలి.

అమెరికాలో ఈ రకం బృందాలు 1978లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో మొదలై, తరువాత రాష్ట్రాలన్నిటికీ పాకాయి. పసివారి మీద ఇంట్లోనే జరిగే హింసను ఆసుపత్రి, పోలీసు, కోర్టు వేర్వేరుగా చూస్తే ఎవరికీ పూర్తి బొమ్మ కనిపించడం లేదన్నది వారికి తట్టిన మొదటి సంగతి. అందుకే ఆ బల్ల చుట్టూ పిల్లల డాక్టరు, శవపరీక్ష చేసిన డాక్టరు, పోలీసు, ప్రాసిక్యూటరు, శిశు సంక్షేమ శాఖ మనిషి కలిసి కూర్చుంటారు. ఆరిజోనా రాష్ట్రంలో 1993 నాటి చట్టం కింద పిల్లల మరణం ప్రతిదీ సమీక్షకు వస్తుంది, ఏటా నివేదిక బయటికి వస్తుంది. ప్రతి మరణం దగ్గరా వారు వేసుకునే ప్రశ్న ఒకటే: ఒక మనిషో, ఒక ఊరో, ఒక శాఖో చేయదగిన పని ఏదైనా చేసి ఉంటే ఇది ఆగేదా? మన జిల్లా కమిటీ ఆరోగ్యశాఖ వారిదే. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి (డీఎంహెచ్‌ఓ) దానికి పెద్ద. జబ్బుతో పోయిన బిడ్డకు అది సరిపోవచ్చు. నీళ్లలో పడి పోయిన బిడ్డకు సరిపోదు.

ఈ మాట ఊరికే రాయలేదు. నిరుడు దసరా సెలవుల్లో మా వీధిలో రెండో తరగతి చదివే కుర్రవాడు కాలువ రేవులో జారిపోయాడు. ఏడేళ్ల వాడు. తల్లి కొబ్బరి పీచు పనికి వెళ్లింది, నాయనమ్మ బట్టలు జాడిస్తోంది. కింది మెట్టు పాచి పట్టి ఉంది. ఒక్క అర నిమిషం చాలింది. ఈసారి పోలీసులు వచ్చారు. ఇంతకుముందు సీఆర్‌పీసీలో 174 సెక్షను, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 194వ సెక్షను, దాని కింద పంచనామా రాశారు. ఆ పంచనామా వెతికేది ఇందులో ఎవరి నేరమైనా ఉందా అన్నదొక్కటే. నేరం లేదని తేలింది, కాగితం మూసేశారు. ఆ మెట్టుకు పాచి ఎందుకు పట్టింది, రేవుకు పట్టుకునే గొట్టం ఎందుకు లేదు, సెలవు రోజుల్లో ఆ పిల్లలను ఎవరు చూడాలి అని ఎవరూ అడగలేదు. ఐదేళ్లు దాటాడు కనుక ఆరోగ్యశాఖ సమీక్ష కిందికి రాడు. ఆ ఇంటికి నర్సమ్మ వచ్చింది, పరామర్శకు. ఫారం తేలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత ఈ డెల్టాలో కాలువ లేని ఊరు లేదు. ఇప్పుడు వాటికి చేపల చెరువులు, రొయ్యల చెరువులు తోడయ్యాయి. చెరువు గట్టు దిగితే మెట్టు కూడా ఉండదు, నిలువునా లోతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారు, వారిలో నాలుగో వంతుకు దగ్గరగా ఐదేళ్ల లోపు పిల్లలే. ఆ సంస్థ చెప్పే ఉపాయాలు ఖరీదైనవి కావు: నీటికి పిల్లలకు మధ్య ఒక అడ్డు, బడి ఈడు రాని పిల్లలను పనివేళల్లో ఒకచోట కూర్చోబెట్టడం, ఆరేళ్లు దాటిన వారికి ఈత, ఊరివారికి నీళ్లు మింగిన వారిని బతికించే పద్ధతి. బంగ్లాదేశ్‌లో పల్లెల్లో ఉదయం తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా పసిపిల్లలను చూసుకునే ఆంచల్ కేంద్రాలు ఈ పనే చేస్తున్నాయి. మన అంగన్‌వాడీ మూడేళ్లు నిండిన వారినే కూర్చోబెట్టుకుంటుంది. నడక వచ్చి బుద్ధి రాని ఒకటిన్నర, రెండేళ్ల పిల్ల ఇంటి దగ్గరే, రేవు దగ్గరే.

ఐదేళ్ల లోపు పిల్ల నీట మునిగితే మన సమీక్ష కిందికి వస్తుంది. వచ్చినప్పుడు కాగితంలో కారణం “నీట మునుగుట” అని రాసి ఆరోగ్యశాఖ బల్ల మీద పెడతారు. అక్కడ ఇరిగేషను వారు లేరు, పంచాయతీ వారు లేరు, మత్స్యశాఖ వారు లేరు. డీఎంహెచ్‌ఓ గారు కాలువ మెట్టును బాగుచేయించలేరు. కనుక ఈ సేవను మెరుగుపరచాలంటే రెండు పనులు ముందు జరగాలని నా అభిప్రాయం. వయసు హద్దును ఐదు నుంచి పద్దెనిమిదికి పెంచాలి. జబ్బు కాని మరణాలు చూసే రోజున బల్ల దగ్గర కుర్చీలు మార్చాలి.

సేవ వల్ల ఫలితం లేదని మాత్రం నేను అనను. 2020 నాటి లెక్కల్లో దేశం మొత్తం మీద వెయ్యి మంది పుడితే ఏడాది లోపు పోయేవారు 28 మంది, వారిలో 20 మంది మొదటి నెలలోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది లోపు పోయేవారు 24 మంది. కేరళలో 6. నెల లోపు పోయేవారిని కాపాడాలంటే, ఏ బిడ్డ ఏ రాత్రి ఎందుకు ఆగిపోయిందో తెలియడం కంటే దగ్గరి దారి లేదు. ఆ తెలుసుకునే పనిని మా నర్సమ్మ ఎంత నైపుణ్యంతో చేసిందో చెప్పాను. మా ఇంటి విచారణ తరువాతి వరదకాలంలో, మా లంకలో నెలలు నిండిన గర్భిణుల పేర్లు, బాలింతల పేర్లు ఒక అట్ట మీద రాసి ఇంజను పడవ ఉన్న మనిషి ఇంటి గోడకు తగిలించారు. కింద అతని ఫోను నంబరు, 108 నంబరు. ఆశా కార్యకర్తకు ఆ నాలుగు వారాలు వరద డ్యూటీ వేయలేదు. ఈ మార్పునకూ మా అరుగు మీద దిద్దిన ఆ వాక్యానికీ సంబంధం ఉందేమోనని అడిగితే ఆమె నవ్వి, “పైనుంచి చెప్పారండి” అన్నది.

మా అమ్మాయికి ఈ మాఘమాసంలో మళ్లీ ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఏడు వందలు. కార్డు బీరువాలో లేదు, తలుపు వెనుక మేకుకు వేలాడుతోంది. కాలువ సంగతికి వస్తే, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు, పంచాయతీ వారు నేను రాసిన అర్జీ మీద ఆ రేవు మెట్లను గీకించి, రెండు పక్కలా ఇనుప గొట్టాలు పాతించారు. జూన్‌లో నీళ్లు వదిలారు. ఊళ్లో మిగిలిన నాలుగు రేవులకు డబ్బు చాలలేదు, వాటికి వెదురు దడి కట్టి ఉంచారు.